గార్డు ఎక్కకుండా కదిలిన బండి

మేడమీద గది
జనవరి 9

అక్కకి తమ్ముడు రాసేది,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. మొదట కలం కనపడలేదు. కనపడ్డాక చూస్తే సిరా ఎండిపోయింది. సిరా దొరికేసరికి బద్ధకం వచ్చింది. బద్ధకం దిగాక, రాయడానికి ఉన్నది "వస్తాను" అనే ఒక్క మాటే కదా, దానికోసం ఒక స్టాంపు దండగెందుకు అనిపించింది. ఫోన్ చేద్దామంటే, ముప్పై ఎనిమిదేళ్లు చక్రాల చప్పుడు వినీ వినీ నా కుడిచెవి నాకంటే ముందే రిటైరైపోయింది. ఎడమచెవి ఉందిగా అంటావు. ఉంది. కానీ నువ్వు ఎత్తుకున్నాక నాకు సందు దొరకదు. కాగితం మీదైతే నేనే ఇంజను, నేనే గార్డు.

కాబట్టి మొదటి మాట: వస్తాను.

మిగిలిన కాగితం ఖాళీగా పంపడం ఇష్టంలేక ఇంకొంచెం రాస్తున్నాను. ఇరవై రెండేళ్లు ఓడల కంపెనీకి గదుల కిటికీ తెరలు కుట్టి, ఒక్క ఓడనైనా కంటితో చూడని మనిషివి నువ్వొక్కదానివే అయ్యుంటావు. వాళ్లు కొలతలు పంపడం, నువ్వు కుట్టి పార్సిల్ కట్టడం. కిటికీలు గుండ్రంగా ఉంటాయట, తెరలు మాత్రం చదరంగా ఎందుకు అని నువ్వు అడిగితే, స్టోరు గుమస్తా ఏడాది దాకా జవాబు రాయలేదని చెప్పావు. ఇప్పుడు నువ్వు మిషను మూసేస్తానంటే ఆయనకే మనసు కరిగి, ఇద్దరు పట్టే గదికి టికెట్టు పంపాడంటే, ఆ ప్రశ్నకి జవాబు ఇదే అనుకోవాలి: వచ్చి నువ్వే చూసుకో అని.

ప్రయాణం సంగతి నాకు వదిలెయ్. అది నా విద్య. మార్చి ఆరున నేను ఇక్కడ ఆరూ పదికి ఎక్కుతాను. నీ స్టేషన్‌లో ఎనిమిదీ నలభైకి నువ్వు ఎక్కుతావు. కిటికీ నీది, దాని పక్కది నాది. జంక్షన్‌లో పది యాభై అయిదు నుంచి పదకొండూ ఏడు దాకా పన్నెండు నిమిషాలు ఆగుతుంది, ఇంజను మారుస్తారు. అక్కడ టీ బాగుంటుంది. రేవు చేరేది ఒంటిగంటా యాభైకి. ఓడ నాలుగింటికి. ఈ బండి తప్పితే ఇక జంక్షన్ నుంచి ఉన్నది ప్యాసింజరే. అది రేవుకి నాలుగూ పదికి వస్తుంది, ఓడ తోక చూడ్డానికి పనికొస్తుంది. అయినా మనకెందుకు ఆ లెక్క? బండి తప్పడం ప్రయాణికులకి వచ్చే జబ్బు. నాకెప్పుడూ రాలేదు.

ఒక్క హెచ్చరిక. కిటికీ దగ్గర కూర్చుంటావు కదా, నీ తల మీదే గొలుసు ఉంటుంది. దాన్ని ముట్టుకోకు. ఒకసారి ఒకాయన తన టోపీ కిటికీలోంచి ఎగిరిపోయిందని గొలుసు లాగాడు. ఎనిమిది పెట్టెలు, ఒక ఇంజను, వాటిలో ఉన్న అందరి పనులూ, అన్నీ టోపీ కోసం పొలాల మధ్య నిలబడిపోయాయి. నేను దిగి వెళ్లి, "కారణం రాయవయ్యా" అని కాగితం ఇస్తే, "టోపీ" అని రాశాడు. ఆ ఒక్క మాటే. ఆ కాగితానికి నకలు తీసుకుని దాచుకుని, కొత్తగా చేరిన గార్డులందరికీ చూపించి నవ్వించేవాణ్ణి. నా మూలంగా మాత్రం ఏ బండీ ఒక్క నిమిషం ఆలస్యం కాలేదక్కా. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్ప కోసమే చెబుతున్నాను.

నీ తమ్ముడు


పట్టాల వెనక ఇల్లు
జనవరి 17

చిరంజీవి తమ్ముడికి,

చిరంజీవి అని అలవాటుకొద్దీ రాశాను. అరవై ఎనిమిదేళ్లకి నీ విషయంలో ఆ మాట నిజమయ్యేలాగే ఉంది.

ఒక్క మాట చెప్పడానికి మూడు పేజీలు పట్టింది నీకు. నేను ముక్క గుడ్డలో చొక్కా తీస్తాను, నువ్వు తాను గుడ్డలో చేతిరుమాలు తీస్తావు.

వస్తాను అన్నావు. సంతోషం. ఆ మాట ఇదివరకూ విన్నాను. నా పెళ్లికి వస్తానన్నావు. ఆ రోజు నీకు డ్యూటీ పడింది. పెళ్లిబట్టల్లో పెరటి గుమ్మం దగ్గరికి పరుగెత్తుకొచ్చాను, చివరి పెట్టెలోంచి పచ్చజెండా ఊపుతూ వెళ్లిపోయావు. మీ బావ వెనకే వచ్చి, "ఎవరతను?" అన్నారు. "మా తమ్ముడు." "ఆగడా?" "ఆగడు." మేం మొదట మాట్లాడుకున్న మాటలు అవే. కొట్టు తెరిచిన రోజున డ్యూటీ. మీ బావ పోయిన రోజున డ్యూటీ. ఆ రోజు జెండా కిందికి దించి పట్టుకుని వెళ్లావు, అది చూశాను. తప్పు పట్టడం లేదురా. నీ పెట్టె నా పెరడు దాటడానికి ఎంతసేపు పడుతుందో తెలుసా? ఒకటి, రెండు, మూడు అనేలోపు అయిపోతుంది. ముప్పై ఎనిమిదేళ్లూ నేను తమ్ముణ్ణి చూసింది మూడు అంకెల చొప్పున. రిటైరయ్యాక తీరిగ్గా వస్తావనుకున్నాను. చెవి అన్నావు, నడుము అన్నావు, ఇప్పుడు సిరా అంటున్నావు.

నాకు ఓడ చూడాలని ఉంది. నా తెరలు వేలాడుతుంటే చూడాలని ఉంది. కానీ పొరుగింటావిడ ఎంత అడిగినా రెండో పడక ఇవ్వకుండా నీకు ఎందుకు రాశానంటే, నీతో కలిసి ఒక్కసారైనా ఒకే దిక్కుకి వెళ్లాలని ఉంది. నాలుగు రోజులు. నడిసముద్రంలో నీకు డ్యూటీ ఎవరూ వెయ్యలేరు.

ఒకటి గుర్తుపెట్టుకో. ఓడకి నీ ఈలతో పని లేదు, అది నాలుగింటికి వెళ్లిపోతుంది. నువ్వు ఉన్నా లేకపోయినా నేను దాని మీద ఉంటాను. ఇన్నాళ్లు గుమ్మంలో నిలబడ్డది చాలు.

ఉడికించిన గుడ్లు నువ్వు తీసుకురా. నీకు వంటలో వచ్చింది అదొక్కటే.

అక్క


ఓడ మీద, కిటికీ లేని గది
మార్చి 8

ఒరేయ్,

ఎక్కడున్నావు? క్షేమమని మాత్రం తెలుసు. రేవు స్టేషన్‌లో దిగగానే మాస్టరు కాళ్లావేళ్లా పడి జంక్షన్‌కి ఫోన్ చేయించాను. "చేతిలో టీ గ్లాసుతో ఒక పెద్దాయన ప్యాసింజరు ఎక్కాడమ్మా, గ్లాసు వదలమంటే వదలడం లేదట" అన్నారు. నువ్వేనని ఊరట కలిగింది.

అసలేం జరిగిందిరా? టీ తాగి రెండు నిమిషాల్లో వస్తానని దిగావు. నేను గుడ్డు పెంకు వలుచుకుంటూ తల వంచుకుని ఉన్నాను, ఎత్తేసరికి ప్లాట్‌ఫారం వెనక్కి వెళ్లిపోతోంది. నీ సీట్లో నీ టోపీ ఉంది, సీటు కింద నీ పెట్టె ఉంది, నువ్వు లేవు.

రాసిన ప్రకారం నేను ఓడెక్కేశాను. ఇది నడిమధ్య గది, దీనికి కిటికీయే లేదు. ఇరవై రెండేళ్లు కిటికీ తెరలు కుట్టినందుకు బహుమానం. నవ్వి నవ్వి, గదులు చూసుకునే ఆవిడ దగ్గరికి వెళ్లి, "నా తెరలు ఎక్కడున్నాయమ్మా, చూపించు" అన్నాను. చూపించింది. అన్నీ తిరగేసి కట్టారు. లోపలి కుట్లు గదివైపు, పువ్వుల వైపు సముద్రానికి. "చేపలకి పువ్వులెందుకే?" అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది. తర్వాత నిచ్చెన తెచ్చి ఇచ్చింది. నిన్నటికి పదకొండు గదులు సరిచేశాను. ఒక గదిలో ఎవరో పెద్దమనిషి నిద్రపోతున్నాడు, ఆయన లేవకుండానే పని ముగించాను.

చెప్పడం మరిచాను. నీ పెట్టెకి తాళం లేదు గనక ఓడెక్కాక తెరిచాను. మూడు చొక్కాలు, మూడేళ్ల పాత టైంటేబులు, పొట్లంలో గుడ్లు, ఒక పచ్చజెండా. ఓడ ప్రయాణానికి జెండా ఎందుకురా? అంచు కుట్టు చూడగానే తెలిసింది, అది నేను కుట్టిచ్చిందే.

ఓడ కదిలాక దాన్ని పట్టుకుని వెనక అంచుకి వెళ్లాను. నీ ప్యాసింజరు నాలుగూ పదికి వస్తుందని నువ్వే రాశావు. నాకు దూరం ఆనదు, ఒడ్డు మీద మనుషులంతా చిల్లర దారపు ముక్కల్లా ఉన్నారు. అయినా ఊపాను. పక్కనున్నాయన, "ఎవరికమ్మా?" అన్నాడు. "మా తమ్ముడికి." "రాలేదా?" "రాడు."

రేపు దీవి దగ్గర ఆగినప్పుడు ఇది పోస్టులో వేస్తాను. గుడ్లు బాగానే ఉడికాయి.

అక్క


మేడమీద గది
మార్చి 14

అక్కకి,

నీ ఉత్తరం అందింది. జరిగింది రాస్తాను, చదివి నువ్వే తీర్పు చెప్పు.

బండి నాలుగు నిమిషాలు ముందు కదిలింది. ఇంకేమీ లేదు. ఈకాలపు గార్డులకి గడియారమంటే చేతికి వేసుకునే నగ. మా రోజుల్లో ముందు కదలడం ఆలస్యం కంటే పెద్ద నేరం. ఆలస్యమైతే ప్రయాణికుడు తిడతాడు, ముందే వెళ్లిపోతే తిట్టడానికి అతను బండిలోనే ఉండడు. ఒకప్పుడు ఇలాగే ఒక స్టేషన్ మాస్టరు తన గడియారం ముందుకు తిప్పుకుని, భోజనం వేళ రోజూ పావుగంట ముందే వచ్చినట్టు చూసుకునేవాడు. అదో పెద్ద కథ, తర్వాత చెబుతాను.

ప్యాసింజరు వేళకే వచ్చింది. స్టేషన్ నుంచి ఒడ్డుకి నడక పది నిమిషాలు, నేను ఆరులో నడిచాను. చేతిలో గ్లాసు ఉంది. ఎందుకు పెట్టెయ్యలేదంటే, పెట్టడానికి ఆగితే నిమిషం పోతుంది. ఓడ అప్పటికే వీధి పొడవంత నీళ్లు దాటి పోయింది. ఇంత పెద్దదని నువ్వెప్పుడూ చెప్పలేదు. నీకూ తెలీదు కదా.

ఒక సంగతి తోచింది, రాస్తాను. నేను ఉద్యోగమంతా చివరి పెట్టెలో ఉన్నవాణ్ణి. స్టేషన్లు, చెట్లు, పెరటి గుమ్మాలు, అన్నీ నన్ను వదిలి వెనక్కి పోయేవి. నేను నిలబడి ఉండగా ఇంకొకటి నన్ను వదిలి పోవడం అదే మొదలు. పోయేవాడి కంటే నిలబడ్డవాడికి ఎక్కువసేపు కనపడుతుంది. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

ఓడ వెనక ఏదో పచ్చగా కదిలినట్టుంది. సరిగ్గా అప్పుడే కంట్లో బొగ్గు నలక పడింది గనక ఏమిటో పోల్చుకోలేకపోయాను.

మర్నాటి బండికి ఇల్లు చేరాను. నా టోపీ జాగ్రత్త.

నీ తమ్ముడు


పట్టాల వెనక ఇల్లు
మార్చి 22

చిరంజీవికి,

బండి సరిగ్గా పదకొండూ ఏడుకి కదిలింది. నా చేతి గడియారం చూశాను, స్టేషన్ గడియారం కూడా చూశాను, రెండూ ఒకే మాట చెప్పాయి.

బొగ్గు ఇంజన్లు పోయి ముప్పై ఏళ్లయింది.

ఈ రెండు కుట్లూ విప్పి మళ్లీ కుట్టు. మంచి కాగితం మీద రాయి.

అక్క


మేడమీద గది
ఏప్రిల్ 2

అక్కకి,

సరే. విప్పాను.

దిగాను, టీ చెప్పాను, కాలుతోంది, ఊదుకుంటూ తాగుతున్నాను. ఈల వినపడింది. చెవి మీద నెపం పెడదామనుకున్నాను గాని, ఎడమచెవికి చక్కగా వినపడింది. టీ కొట్టతను, "పెద్దాయనా, ఆ బండి మీదేమో" అన్నాడు. "పోదులే" అన్నాను.

ఎందుకన్నానో చెబితే నవ్వుతావు. నవ్వు. ముప్పై ఎనిమిదేళ్లలో నేను ప్లాట్‌ఫారం మీద ఉండగా నా బండి ఎప్పుడూ కదల్లేదు. నేను ఈల వేసి, జెండా ఊపి, నా పెట్టె ఎక్కితేనే కదిలేది. ఎంత తీరిగ్గా తాగినా టీ చల్లారేది గాని బండి కదిలేది కాదు. కాబట్టి ఆ ఈల విని నేననుకున్నదేమిటంటే, ఇది నేను వేసింది కాదు కదా, చెల్లదు.

బండి కదిలింది. అయినా నాకు నమ్మకం కుదరలేదు. ఎవరో పొరపాటున కదిపారు, ఇప్పుడే ఆపుతారు అనుకుని ఇంకో గుక్క తాగాను. పెట్టెలు ఒక్కొక్కటీ దాటాయి. ఆఖరి పెట్టెలో గార్డు నాకు తెలిసినవాడే, నా దగ్గర పని నేర్చుకున్నవాడే. నన్ను చూసి మర్యాదగా తల వంచాడు. నేనూ వంచాను. బండి వెనక ఎర్రదీపం మలుపు తిరిగాక అప్పుడు అర్థమైంది, నేను రిటైరయ్యానని. ఎనిమిదేళ్ల కిందటే కాగితం ఇచ్చారు, దండ కూడా వేశారు. నేనే పట్టించుకోలేదు.

నలక సంగతి కూడా విప్పమన్నావు. అది బొగ్గు కాదు. పచ్చజెండా అని తెలుసు. ఎవరు ఊపుతున్నారో తెలుసు. గ్లాసు ఉన్న చెయ్యే ఊపాను. నీకు ఆనదని తెలీదు.

ఇక నా వంతు. రెండు గడియారాలు చూసుకున్నావంటే, రెండోది ప్లాట్‌ఫారం మీద ఉందంటే, నువ్వు కిటికీలోంచి బయటికి చూసి ఉండాలి. పైగా గుడ్డు పెంకు వలుచుకుంటున్నానని రాశావు. గుడ్లు నా పెట్టెలో ఉన్నాయి. ఆ పెట్టె ఓడెక్కాక తెరిచానని నువ్వే రాశావు. మరి రైల్లో వలిచింది ఏ గుడ్డు? టికెట్లు చూసీ చూసీ పండిపోయినవాణ్ణి, నా దగ్గరా?

నన్ను చూశావా?

నీ తమ్ముడు


పట్టాల వెనక ఇల్లు
ఏప్రిల్ 20

తమ్ముడికి,

చూశాను.

పద్దెనిమిది రోజులు ఈ కాగితం మిషను మీద పెట్టుకుని తిరిగాను. సిరా ఉంది, బద్ధకం లేదు, అయినా రాయలేకపోయాను. నీ పోలిక నాకూ ఉందని ఈ వయసులో తెలిసింది.

చూశాను. ఈల వెయ్యగానే చూశాను. నువ్వు గ్లాసు ఊదుకుంటున్నావు, జమీందారులా. పిలిచాను. నీ కుడిచెవి ఇటు ఉంది. లేచి నిలబడ్డాను. గొలుసు నా చేతికి అందింది. మొదట నీ టోపీ కథ గుర్తొచ్చింది. టోపీకి బండి ఆపినవాణ్ణి చూసి ఇన్నేళ్లు నవ్వావు, తమ్ముడనేవాడు టోపీ కంటే ఎక్కువో తక్కువో తేల్చుకునేలోపు ప్లాట్‌ఫారం అయిపోయింది అని రాద్దామనుకున్నాను. బాగుంది కదా. చదివి నవ్వి ఊరుకునేవాడివి.

అది అబద్ధంరా. చాలా వ్యవధి ఉంది. చెయ్యి గొలుసు మీదే ఉంది. ఇంత పెద్ద బండి వెళ్లిపోతుంటే, అది నీకోసం ఆగుతుందని అంత నమ్మకంగా నిలబడ్డావే, అది చూశాను. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, వీడు కింద నిలబడి చూడాలి అనిపించింది. నేను పెళ్లిబట్టల్లో నిలబడ్డట్టు. చెయ్యి తీసేశాను. తీశాక రేవు దాకా మూడు గంటలు ఏడ్చాను, ఎదురు సీటావిడ చేతిరుమాలు ఇచ్చింది. అంచు కుట్టు నాసిగా ఉంది.

నీ ఉత్తరంలో, నిలబడ్డవాడికే ఎక్కువసేపు కనపడుతుందని రాశావు చూడు, అది చదివాక నా కోపం ఎటు పోయిందో తెలీదు. వెతికినా దొరకలేదు. ఇన్నేళ్లు వాడిన వస్తువు, కాస్త వెలితిగా కూడా ఉంది.

ఇప్పుడు పని విషయం. ఆ గదులు చూసుకునే ఆవిడ నా మీద కంపెనీకి రాసింది. ఫిర్యాదేమో అనుకున్నాను. కొత్త తెరలకి ఈసారి ఓడ మీదే ప్రతి కిటికీ కొలవాలట, నన్నే రమ్మన్నారు. జూన్ పద్దెనిమిది, అదే బండి, అదే నాలుగు గంటల ఓడ. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషిని తెచ్చుకోవచ్చన్నారు. ఆ ఉద్యోగం నీది. ఈ ఉద్యోగంలో ఈల ఉండదు, జెండా ఉండదు, పట్టుకోమన్నచోట పట్టుకోవాలి. ఈసారి కూడా నువ్వు రాకపోతే ఇక పిలవను. కోపంతో కాదు, నాకు డెబ్భై మూడు.

ఆ గ్లాసు తీసుకురా. పరాయివాళ్ల గ్లాసు మనింట్లో ఉంటే నాకు తోచదు.

అక్క


మేడమీద గది
జూలై 3

అక్కకి,

ఓడ గురించి రాయను, నువ్వు పక్కనే ఉన్నావు. నూట నలభై కిటికీలకి టేపు కొస పట్టుకున్నాను, అందులో రెండుసార్లే తిట్లు తిన్నాను, కొత్తగా చేరినవాడికి అది తక్కువే. నేల కనపడని చోటికి వెళ్లాక, "ఇక్కడ వెనక ఏదో ముందు ఏదో నీకు తెలీదు, బాగా అయింది" అన్నావు. ఆ మాట మీద ఒక కథ ఉంది, కానీ ఇవాళ చెప్పవలసింది వేరే.

నాలుగు రోజులూ ఒకటే అడిగావు, "ఆ గార్డు కాగితం మీద ఏం రాశావురా?" అని. నీ ఎదురుగా చెప్పడానికి నోరు రాలేదు. కాగితం మీదైతే నాకు అలవాటే.

జంక్షన్‌లో నేను సీటు వదలనన్నాను. టీ వద్దన్నాను. ఒకసారి కాలినవాణ్ణి. "అయితే గ్లాసు నేనే ఇచ్చొస్తాను" అని నువ్వు దిగావు. నీ మోకాళ్ల నొప్పుల సంగతి నాకు అప్పుడే గుర్తు రావలసింది. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆ గ్లాసు తనది కాదని టీ కొట్టతను, అతనిదేనని నువ్వు. అతను తన గ్లాసులు తీసి చూపిస్తున్నాడు, నువ్వు అంచులు తడిమి పరీక్షిస్తున్నావు.

ఈల వినపడింది. ఈసారి నమ్మాను.

నిన్ను పిలిచాను. నువ్వు వాదనలో ఉన్నావు, వాదనలో ఉన్నప్పుడు నీ రెండు చెవులూ నా కుడిచెవే. బండి కదిలింది. నువ్వు తిరిగి చూశావు. పరుగెత్తలేదు, అరవలేదు. గ్లాసు పట్టుకుని ఉన్నచోటే నిలబడి, నా కిటికీ వంక చూశావు. నాకు తెలిసిన చూపే అది, చివరి పెట్టెలోంచి నేనెన్నోసార్లు చూసింది. ఒకటి అనుకున్నాను. రెండు అనుకున్నాను.

గొలుసు చాలా బిగుతుగా ఉంటుందక్కా. ఇన్నేళ్లలో నాకు తెలీదు.

నువ్వు కుంటుకుంటూ వచ్చి ఎక్కి, కూలబడి, "అతనిది కాదట్రా" అన్నావు. గార్డు వచ్చేసరికి నువ్వు నీళ్లు తాగుతున్నావు. నేనే లేచి తలుపు దగ్గరికి వెళ్లాను. అదే గార్డు, మార్చిలో నాకు తల వంచినవాడే. టోపీ కాగితం చూపిస్తే అందరికంటే ఎక్కువసేపు నవ్వినవాడు కూడా అతనే.

"గురువుగారూ, మీ పెట్టెలోనే ఎవరో గొలుసు లాగారు. చూశారా?"

"చూశాను. నేనే."

"మీరా?"

"నేనే లాగాను."

జేబులోంచి కాగితం తీశాడు. "కాగితం రాయాలండి."

"తెలుసు. ఇలా ఇవ్వు."

పేరు రాశాను, సీటు నంబరు రాశాను. కారణం అన్నచోట జాగా ఎంతుంటుందో నీకు తెలీదు, ఒక్క మాట పడుతుంది. "అక్క" అని రాశాను.

అతను చదివాడు. నవ్వలేదు.

"ఎక్కారాండి ఆవిడ?"

"ఎక్కింది."

కాగితం మడిచి జేబులో పెట్టుకుని దిగి, ప్లాట్‌ఫారం మీద చివరిదాకా నడిచి వెళ్లి, పచ్చజెండా ఊపాడు. బండి తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది.